ఎఫ్‌ఐఆర్ లేని గాయాలు: ఔత్సాహిక సైకిల్ రేసుల్లో పడినవారి లెక్క ఎక్కడ?

ఆదివారం తెల్లవారుజాము, నాలుగున్నర. హైదరాబాద్ అయినా, బెంగళూరు అయినా, పుణె అయినా ఆ వేళకు ఏ ఫ్లైఓవర్ కిందో, టీ కొట్టు ముందో ఇరవై ముప్పై మంది సైకిళ్లతో గుమిగూడటం ఇప్పుడు మామూలు దృశ్యం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు, కాలేజీ విద్యార్థులు. టైర్లలో గాలి చూసుకుంటారు, వెనక ఎర్ర లైటు వెలిగిస్తారు, బయల్దేరతారు. వంద కిలోమీటర్లు తొక్కి, ఎండ ముదరకముందే ఇంటికి చేరి టిఫిన్ చేయాలన్నది లెక్క.

కొన్ని ఆదివారాలు అలా ముగియవు. ముందు సైకిల్ వెనక చక్రానికి, వెనక సైకిల్ ముందు చక్రం తగులుతుంది. ఒకరు పడితే వెనకున్న నలుగురు వారి మీద పడతారు. ఒకరికి కాలర్ బోన్ విరుగుతుంది. ఒకరికి మోచేయి నుంచి తుంటి వరకు చర్మం దోక్కుపోతుంది. ఇంకొకరు 'ఏం కాలేదు' అంటూ లేచి, ఊడిన చైను వేసుకుని మళ్లీ ఎక్కుతారు. ఆ సాయంత్రం తలనొప్పి మొదలవుతుంది.

ఆసుపత్రి కాగితంలో 'సైకిల్ మీద నుంచి పడ్డారు' అని ఒక్క ముక్క రాస్తారు. పోలీసులకు ఫిర్యాదు వెళ్లదు. రేసు అయితే నిర్వాహకులు మరుసటి రోజు విజేతల ఫొటోలు పెడతారు. పడినవారి సంగతి క్లబ్బు వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు నలిగి ఆగిపోతుంది.

దేశంలో ఔత్సాహిక సైకిల్ రేసింగ్ వేగంగా పెరిగింది. కోవిడ్ లాక్‌డౌన్‌ల తర్వాత చాలామంది ఖరీదైన సైకిళ్లు కొన్నారు. అయితే, క్రీడ పెరిగినంత వేగంగా దాని చుట్టూ ఉండాల్సిన ఏర్పాట్లు పెరగలేదు. గాయాన్ని 'ఖర్మ' అనుకోవడం, నొప్పిని 'మగతనం' అనుకోవడం ఇప్పటికీ ఈ ఆటలో భాగమే. నిజానికి వీటిలో చాలావాటికి కారణాలు తెలుసు, నివారణ తెలుసు. లేనిది లెక్క, బాధ్యత.

ఆ 4,836 మందిలో కనిపించనివారు

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వారిలో సైకిల్ తొక్కేవారు 4,836 మంది. అంటే రోజుకు సగటున 13 మంది.

వీరిలో రేసు జెర్సీ వేసుకున్నవారు ఎందరో, పాలు పోయడానికో, కూలి పనికో, బడికో వెళ్తున్నవారు ఎందరో నివేదిక విడదీసి చెప్పదు. రోడ్డు మాత్రం అందరిదీ ఒకటే. 2024 ఫిబ్రవరిలో నవీ ముంబయిలోని నెరుల్ వద్ద పామ్ బీచ్ రోడ్డు మీద ఇంటెల్ ఇండియా మాజీ అధిపతి అవతార్ సైనీ తోటి సైక్లిస్టులతో కలిసి వెళ్తుండగా టాక్సీ ఢీకొట్టి చనిపోయారు. ఆయన వయసు 68. హెల్మెట్ పెట్టుకున్నారు, అనుభవం ఉంది, తెల్లవారుజామునే బయల్దేరారు. వెనక నుంచి వచ్చిన కారు ముందు ఇవేవీ పనిచేయలేదు.

అది పత్రికల్లో వచ్చిన మరణం. ఈ జాతీయ నివేదిక పోలీసు రికార్డుల నుంచి తయారవుతుంది. మోటారు వాహనం ప్రమేయం లేకుండా సొంతంగా పడినవారు, గుంపులో ఒకరినొకరు తగిలి పడినవారు పోలీసు స్టేషన్‌కు వెళ్లరు. వెళ్లినా రాయడానికి అక్కడ నిందితుడు ఉండడు. కాబట్టి రేసింగ్‌లో అతి సాధారణమైన గాయమే లెక్కలోకి రాని గాయం అవుతోంది.

పడకుండానే తగిలే దెబ్బలు

సైకిల్ రేసు అనగానే పడిపోవడమే గుర్తొస్తుంది. కానీ రోజూ వేధించేవి పడకుండా వచ్చే నొప్పులు. ఇవి ప్రొఫెషనల్ రైడర్లనూ వదలవు. నార్వే పరిశోధకులు ఏడు ప్రొఫెషనల్ జట్లలోని 109 మంది రోడ్ సైక్లిస్టులను ప్రశ్నించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంతకుముందు ఏడాది కాలంలో 58 శాతం మందికి నడుము నొప్పి, 36 శాతం మందికి మోకాలి ముందు భాగంలో నొప్పి వచ్చినట్లు అందులో తేలింది. ఫిజియో, మెకానిక్, డాక్టర్ వెంటే ఉండేవారి పరిస్థితి ఇది. రోజంతా ఆఫీసు కుర్చీలో కూర్చుని, వారాంతంలో నాలుగు గంటలు వంగి తొక్కేవారి నడుము ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

మోకాలి సంగతి లెక్కతోనే అర్థమవుతుంది. నిమిషానికి 90 సార్లు పెడల్ తిప్పితే గంటకు 5,400 సార్లు, నాలుగు గంటల్లో 21,600 సార్లు ప్రతి మోకాలూ వంగి చాచుకుంటుంది. సీటు ఎత్తులో చిన్న తేడా ఉన్నా అది ఇరవై వేల సార్లు మోకాలి మీద పడుతుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరిగి ముందు భాగం నొప్పి పెడుతుంది. మరీ పైకి ఉంటే మోకాలి వెనక లాగుతుంది, తుంటి అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగుడు వల్ల నడుము పట్టేస్తుంది, సీటు దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలన్నది ఫిట్టింగ్ నిపుణులు పాటించే కొలత. లక్ష రూపాయల సైకిల్ కొన్నవారు కూడా ఈ కొలత తీయించుకోకుండానే రేసుకు వెళ్తుంటారు.

ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం మరో సాధారణ సమస్య. అరచేతి అంచున వెళ్లే అల్నార్ నరం హ్యాండిల్‌కు నొక్కుకుపోవడమే దీనికి కారణం. చేతులు పెట్టే చోటు తరచూ మార్చడం, మెత్తటి గ్లవ్స్, బరువంతా అరచేతుల మీద పడకుండా హ్యాండిల్ ఎత్తు సరిచేసుకోవడం చాలామందికి సరిపోతాయి. కానీ రోజులు గడిచినా తిమ్మిరి పోకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నా అది డాక్టర్‌కు చూపించాల్సిన విషయం.

అసలు ఎవరూ బయటకు చెప్పనివి సీటు దగ్గరి సమస్యలు. కాళ్ల మధ్య తిమ్మిరి, సెగ్గడ్డలు, రాపిడి పుండ్లు. సిగ్గుతో మగవాళ్లు చెప్పరు. ఆడవాళ్లకు చెప్పుకునే చోటే తక్కువ. తిమ్మిరి అంటే అక్కడి నరాలు, రక్తనాళాలు నలుగుతున్నాయని శరీరం చేస్తున్న హెచ్చరిక. దాన్ని భరించడం సాధన కాదు. తుంటి ఎముకల వెడల్పుకు తగిన సీటు, దాని ముక్కు కాస్త కిందికి వంచడం, మధ్య మధ్యలో లేచి నిలబడి తొక్కడం వంటివి మార్చి చూడాలి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకో లోదుస్తు వేయకూడదు, ఒకసారి వాడినదాన్ని ఉతక్కుండా మళ్లీ వేయకూడదు. పుండుతో పాటు జ్వరం వస్తే ఇన్ఫెక్షన్ అని గుర్తించాలి.

ఈ నొప్పులన్నింటి వెనకా తరచూ కనిపించేది ఒకటే కారణం: తొందర. నెలకు రెండు వందల కిలోమీటర్లు తొక్కేవారు స్నేహితుల ఫొటోలు చూసి ఒక్కసారిగా వారానికి మూడు వందలు తొక్కుతారు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. స్నాయువులకు నెలలు కావాలి. ఆ తేడాలోనే గాయం పుడుతుంది.

గుంపులో ఎవరు పడతారు?

రేసులో గుంపుగా వెళ్లడానికి కారణం గాలి. ముందువారి వెనక దాక్కుంటే శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే చక్రానికి చక్రం దగ్గరగా, అర మీటరు ఎడంతో తొక్కుతారు. గంటకు 36 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 10 మీటర్లు. ముందువారు బ్రేకు వేశారని చూసి, మెదడు గ్రహించి, వేళ్లు కదిలేలోపు ఆ అర మీటరు ఎప్పుడో అయిపోతుంది.

ఇక్కడ ఒక అన్యాయం ఉంది. రెండు చక్రాలు తగిలితే తరచూ పడేది వెనకున్నవారే. ముందు చక్రం పక్కకు తోసుకుపోతే సైకిల్‌ను నిలబెట్టుకోవడం కష్టం. తప్పు చేసినవారు, అంటే చెప్పకుండా పక్కకు జరిగినవారో, గుంత చూసి హఠాత్తుగా బ్రేకు వేసినవారో, చాలాసార్లు వెనక ఏం జరిగిందో తెలియకుండానే ముందుకు వెళ్లిపోతారు.

కాబట్టి గుంపులో తొక్కడం కాళ్ల బలానికి సంబంధించినది కాదు, నేర్చుకోవాల్సిన విద్య. గుంతను చేత్తో చూపించడం, నిటారుగా గీత గీసినట్టు వెళ్లడం, ముందు చక్రాన్ని పక్కవారి వెనక చక్రంతో అతివ్యాప్తం కానివ్వకపోవడం, మోచేయి తగిలినా బెదిరిపోకపోవడం వంటివి అందులో ఉంటాయి. ఇంట్లో ట్రైనర్ మీద, స్క్రీన్ ముందు తొక్కి కాళ్లు పెంచుకున్నవారికి ఇవి రావు. బలం ముందు వచ్చి, నేర్పు తర్వాత రావడమే ఇప్పటి చాలా రేసుల్లో అసలు ప్రమాదం.

బ్రిటన్, అమెరికాల్లో దీనికి మెట్ల పద్ధతి ఉంది. కొత్తవారు కింది కేటగిరీలో మొదలుపెట్టి, కొన్ని రేసులు పూర్తిచేసో, పాయింట్లు సంపాదించో పైకి వెళ్తారు. అక్కడా జనం పడుతూనే ఉంటారు, కానీ కనీసం నిన్న సైకిల్ కొన్నవారిని, పదేళ్ల అనుభవం ఉన్నవారిని ఒకే గుంపులో వదలరు. మన దగ్గర కొన్ని నగరాల క్లబ్బులు సొంతంగా ఇలాంటి విభజన చేసుకుంటున్నాయి. దేశమంతటికీ వర్తించే పద్ధతిగా అది వేళ్లూనుకోలేదు. చాలా ఈవెంట్లలో ఎంట్రీ ఫీజే అర్హత.

ఇంకో రకం రేసు ఎవరూ నిర్వహించకుండానే జరుగుతోంది. స్ట్రావా వంటి యాప్‌లలో ప్రతి రోడ్డు ముక్కకూ అత్యంత వేగంగా తొక్కినవారి పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో పైకి ఎక్కడానికి మామూలు ట్రాఫిక్‌లోనే రేసు నడుస్తుంది. 2010లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో తన రికార్డును తిరిగి తెచ్చుకోవడానికి కొండ దిగుతూ ఒక సైక్లిస్టు చనిపోయారు. కుటుంబం యాప్ కంపెనీపై కేసు వేసింది. ఈ ఆటలో ఉండే ముప్పును ఆయన తెలిసే స్వీకరించారంటూ కోర్టు 2013లో దాన్ని కొట్టేసింది. కొండ ఎక్కడం మీద రికార్డు ప్రయత్నిస్తే పోయేది ఊపిరే. దిగుడు మీద ప్రయత్నిస్తే ఎదురుగా వచ్చే లారీకి ఆ పట్టిక సంగతి తెలియదు.

ఎక్కడం అలసట, దిగడం ప్రమాదం

దక్షిణాసియాలో ఔత్సాహికులను ఎక్కువగా ఆకర్షిస్తున్నవి కొండ దారుల ఈవెంట్లే. 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్ ఘాట్ రోడ్ల మీదుగా రోజుల తరబడి సాగుతుంది. భూటాన్‌లోని టూర్ ఆఫ్ ద డ్రాగన్‌లో బుమ్తాంగ్ నుంచి థింపూ వరకు 268 కిలోమీటర్లు, నాలుగు కనుమలు ఒకే రోజులో దాటాలి.

అందరూ ఎక్కడానికే సిద్ధమవుతారు. శరీరాన్ని ఎక్కువగా విరిచేది దిగడం. గంటల తరబడి ఎక్కి అలసిన చేతులు, చలికి కొయ్యబారిన వేళ్లు, తడిసిన రోడ్డు, మలుపు వెనక ఏముందో తెలియని దారి ఒకేసారి కలుస్తాయి. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్లతో దిగేవారికి 30తో వెళ్లేవారికంటే నాలుగింతల దెబ్బ. మలుపులోకి వెళ్లాక బ్రేకు నొక్కేవారు జారిపోతారు. మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, లోపల బ్రేకు వదలాలన్నది పాత పాఠమే.

మైదానంలో రోడ్డే సమస్య. రేసు సైకిల్ టైరు వెడల్పు సాధారణంగా 25 నుంచి 32 మిల్లీమీటర్లు. కారుకు తెలియను కూడా తెలియని ఫ్లైఓవర్ జాయింటు, నిలువుగా కడ్డీలున్న మురుగు కాలువ జాలీ, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ ఈ టైరును మింగేస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో కోతల కాలంలో ఇంకొకటి తోడవుతుంది. వరి, మొక్కజొన్న రోడ్డు మీదే ఆరబోసి, రాత్రికి నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. తెల్లవారని చీకట్లో నల్ల పట్టా, నల్ల రోడ్డు ఒకేలా కనిపిస్తాయి. రైతును తప్పుపట్టి లాభం లేదు. ఊళ్లో సరిపడా కల్లాలు లేకనే ధాన్యం రోడ్డెక్కింది. రూటు వేసే నిర్వాహకులు పంటల క్యాలెండర్ కూడా చూడాలన్నదే దీని అర్థం.

సురక్షితమైన చోట్లు అసలే లేవని కాదు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వాహనాల బెడద లేకుండా తొక్కడానికి పనికొస్తుంది. అయితే నాలుగున్నర మీటర్ల వెడల్పులో పిల్లలు, పెద్దలు కలిసి తొక్కే దారి అది, గుంపు రేసుకు కాదు. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన వెలోడ్రోమ్ వంటి చోట్ల వారానికి ఒక ఉదయం కొత్తవారికి గుంపు పాఠాలు చెప్పగలిగితే హైవే మీద విరిగే ఎముకలు కొన్నైనా తగ్గుతాయి.

పడిన తర్వాత మొదటి గంట

పడగానే అందరూ ముందు సైకిల్ చూస్తారు. చూడాల్సింది మనిషిని, అందులోనూ తలను.

హెల్మెట్ పగిలిందంటే తలకు దెబ్బ తగిలినట్టే లెక్క. స్పృహ తప్పకపోయినా కంకషన్ ఉండొచ్చు. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం, రోజు గుర్తు లేకపోవడం, తల తిరగడం, వికారం దాని గుర్తులు. అలాంటివారు ఆ రోజు మళ్లీ సైకిల్ ఎక్కకూడదు, ఒంటరిగా ఇంటికి వెళ్లకూడదు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మత్తుగా మారుతున్నా, మూర్ఛ వచ్చినా వెంటనే స్కానింగ్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2021 నుంచి అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం కంకషన్ అయిన రైడర్ లక్షణాలు పూర్తిగా తగ్గాక కూడా కనీసం ఒక వారం రేసుకు దూరంగా ఉండాలి. ఔత్సాహిక రేసుల్లో 'ఏం కాలేదు' అన్న మాటే నిబంధనగా నడుస్తోంది.

హెల్మెట్ చేసే పని ఏమిటో కూడా తెలిసుండాలి. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం దాన్ని గంటకు సుమారు 19.5 కిలోమీటర్ల వేగంతో దిమ్మె మీద పడేసి పరీక్షిస్తారు. తల నేలకు తగిలే దెబ్బను తగ్గించడానికి చేసినదే తప్ప, కారు ఢీకొంటే కాపాడుతుందని చేసినది కాదు. ఒక పెద్ద దెబ్బకు దాని పని అయిపోతుంది. బయటికి బాగున్నట్టు కనిపించినా పడేయాల్సిందే.

కాలర్ బోన్ విరగడం ఈ ఆటలో అందరికీ తెలిసిన గాయం. తెలియనిది మణికట్టులోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక. చెయ్యి నేలకు ఆనించి పడినప్పుడు విరుగుతుంది. మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయించాలి, అప్పటిదాకా కట్టుతో ఉంచాలి. 'బెణికిందిలే' అని వదిలేస్తే ఆ ఎముక అతుక్కోకుండా మణికట్టు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. అలాగే హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకున్నప్పుడు పైకి చిన్న కమిలిన మచ్చే కనిపించవచ్చు. లోపల ప్లీహానికో, కాలేయానికో గాయమైతే గంటల తర్వాత బయటపడుతుంది. కడుపు నొప్పి పెరుగుతుంటే ఆగకూడదు.

దోక్కుపోయిన చర్మం మీద పసుపు, కాఫీ పొడి చల్లడం మన ఇళ్లలో అలవాటు. అవి మట్టిని లోపలే ఉంచేస్తాయి. పారే నీళ్లతో, సబ్బుతో ఇసుక రేణువులు పోయేదాకా కడగాలి. కడుగుతుంటే మంటగా ఉంటుంది, కానీ ఆ రేణువులు ఉండిపోతే ఇన్ఫెక్షన్‌తో పాటు పచ్చబొట్టులాంటి నల్ల మచ్చ మిగులుతుంది. తర్వాత ఎండనివ్వకుండా, అంటుకోని డ్రెస్సింగ్ వేయాలి. మురికి గాయమై, చివరి టెటనస్ ఇంజెక్షన్ వేసుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

చట్టానికి ఇంజన్ ఉంటేనే కనిపిస్తారు

గాయం మానుతుంది, బిల్లు మానదు. ఇక్కడే చట్టంలోని ఖాళీ బయటపడుతుంది.

రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల దాకా చికిత్స అందుతుంది. కానీ అది మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదమై ఉండాలి. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టి పారిపోతే ఇచ్చే పరిహారం, చనిపోతే రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు, దానికీ అదే షరతు. సాయం చేసినవారికి రక్షణ కల్పించే మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ కూడా మోటారు వాహన ప్రమాద బాధితుల గురించే మాట్లాడుతుంది. బహిరంగ ప్రదేశాల్లో అనుమతి లేని రేసులను శిక్షించే 189వ సెక్షన్ సైతం మోటారు వాహనాల రేసులకే వర్తిస్తుంది.

ఇందులో ఆశ్చర్యం లేదు, ఆ చట్టం పేరే మోటారు వాహనాల చట్టం. కానీ ఫలితం ఏమిటంటే, కారు తగిలిన సైక్లిస్టు చట్టానికి కనిపిస్తారు. పక్క సైకిల్ తగిలి పడినవారు, ఇసుక మీద జారినవారు కనిపించరు. సైకిల్ రేసుకు ఎన్ని అంబులెన్సులు ఉండాలి, ఎంతమందికి ఒక మార్షల్ ఉండాలన్నది పోలీసుల అనుమతి పత్రం మీద, నిర్వాహకుల మనస్సాక్షి మీద ఆధారపడి ఉంది.

రెండు తలుపులు మాత్రం తెరిచి ఉన్నాయి. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో లోపం వల్ల మరణమో వైకల్యమో సంభవిస్తే కాంట్రాక్టర్‌కు, సంబంధిత సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయొచ్చని 2019 సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్ చెబుతోంది. 2025 అక్టోబర్‌లో బాంబే హైకోర్టు గుంతల వల్ల, తెరిచి ఉన్న మ్యాన్‌హోల్స్ వల్ల చనిపోయినవారి కుటుంబాలకు రూ.6 లక్షలు, గాయపడినవారికి రూ.50 వేల నుంచి రూ.2.5 లక్షల వరకు పరిహారం ఇవ్వాలని మహారాష్ట్రలోని స్థానిక సంస్థలను ఆదేశించింది. ఇవి వాడుకోవాలంటే పడిన చోటు ఫొటో, ఆసుపత్రి కాగితం, ఫిర్యాదు ఉండాలి. 'ఏం కాలేదు' అని లేచి వెళ్లిపోయేవారి దగ్గర ఆ మూడూ ఉండవు.

ఆరోగ్య బీమా విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది, రేసులో పడితే కంపెనీ డబ్బు ఇవ్వదని. ఐఆర్‌డీఏఐ ప్రామాణికం చేసిన మినహాయింపుల్లో ప్రమాదకర క్రీడల గురించిన నిబంధన 'ప్రొఫెషనల్‌గా' పాల్గొన్నవారికే వర్తిస్తుంది. వారాంతంలో రేసుకు వెళ్లే బ్యాంకు ఉద్యోగి ప్రొఫెషనల్ కాడు. ఆసుపత్రిలో సంగతి దాచి 'మెట్ల మీద జారాను' అని చెప్పడమే క్లెయిమ్‌ను చిక్కుల్లో పెడుతుంది. అయితే వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీలకు వేరే షరతులు ఉండొచ్చు కాబట్టి ఆ కాగితం విడిగా చదువుకోవాలి.

పెద్ద రేసుల నుంచి ఏం తెచ్చుకోవాలి?

2026 జనవరిలో పుణె జిల్లాలో యూసీఐ క్యాలెండర్‌లోని పుణె గ్రాండ్ టూర్ కోసం రోడ్లు బాగుచేశారు, ట్రాఫిక్ ఆపారు. విదేశీ జట్లు వస్తేనే గుంతలు పూడ్చడం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. అయినా ఒక రేసుకు రోడ్డు ఎలా ఉండాలో చూపించిన ఉదాహరణగా అది ఉపయోగపడుతుంది.

పెద్ద రేసుల్లోనూ నిబంధనలు ఊరికే రాలేదు. 2003 పారిస్-నీస్ రేసులో కజకిస్థాన్ రైడర్ ఆండ్రీ కివిలెవ్ తలకు గాయమై చనిపోయాకే యూసీఐ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. 2024 సెప్టెంబర్‌లో జ్యూరిక్ ప్రపంచ పోటీల్లో 18 ఏళ్ల స్విస్ అమ్మాయి మురియెల్ ఫురర్ అడవి దారిలో పడిపోయి, మర్నాడు చనిపోయింది. ఆమె పడిన సంగతి చాలాసేపు నిర్వాహకుల దృష్టికి రాలేదని వార్తలు వచ్చాయి. మరుసటి ఏడాది కిగాలీలో జరిగిన ప్రపంచ పోటీల్లో రైడర్లందరికీ జీపీఎస్ ట్రాకర్లు పెట్టారు. ప్రతిసారీ ఒక మరణం తర్వాత ఒక నిబంధన వచ్చింది. ఔత్సాహిక రేసులకు ఆ మరణాల అవసరం లేదు. పాఠం ఇప్పటికే ఉంది.

చేయాల్సినవి పెద్ద ఖర్చువి కావు. ఎంతమంది బయల్దేరారు, ఎంతమంది చేరారు అన్న లెక్క ప్రతి చెక్‌పాయింట్‌లో సరిచూడాలి. ఉన్న ఒక్క అంబులెన్స్ ఒకరిని తీసుకుని ఆసుపత్రికి వెళ్లిపోతే, ఇంకొకటి వచ్చేదాకా రేసు ఆపాలి. దేశంలో 108 సర్వీసు 2005లో మొదలైంది హైదరాబాద్‌లోనే. రూటులో ఏ ఆసుపత్రిలో స్కానింగ్ ఉందో నిర్వాహకులు ముందే రాసిపెట్టుకోవాలి. తొలిసారి వచ్చేవారిని విడి గుంపుగా పంపాలి. అన్నింటికంటే ముఖ్యంగా, ప్రతి ఈవెంట్ తర్వాత విజేతల పట్టిక పక్కనే ఎంతమంది పడ్డారు, ఎక్కడ పడ్డారు, ఎందుకు పడ్డారు అన్న ఒక పేజీ ప్రకటించాలి. పేర్లు అక్కర్లేదు. ఒకే మలుపులో మూడేళ్లుగా మనుషులు పడుతున్నారంటే ఆ పేజీయే చెబుతుంది.

ఈ లెక్క వల్ల బాగుపడేది రేసు సైక్లిస్టులు మాత్రమే కాదు. వారికి హెల్మెట్ ఉంది, బీమా ఉంది, ట్వీట్ చేస్తే కమిషనర్ చూసేంత గొంతు ఉంది. అదే రోడ్డు మీద, అదే చీకట్లో, లైటు లేని పాత సైకిల్‌పై డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్న వాచ్‌మన్‌కు ఇవేవీ లేవు. నిలువు కడ్డీల జాలీ ఇద్దరి చక్రాన్నీ మింగుతుంది. ఆ జాలీ మీద ఫిర్యాదు రాయగలిగేది మాత్రం ఒక్కరే.